హాల్లో పొయ్యి, గోడ మీద లక్ష్మీదేవి

మా అమ్మాయి హైదరాబాదులో ఫ్లాట్ కొనుక్కుంది. లోపలి పనులు చేసే కుర్రాడు కంప్యూటర్లో గీసిన బొమ్మలు పంపిస్తే, అవి నాకు ఫోన్లో పంపింది. హాల్లో టీవీ పక్కన గోడకి తెల్లరాయి చట్రం, దాని మధ్యలో నల్లటి గూడు, గూట్లో మంట. చట్రం మీద వరసగా మూడు పటాలు. చూడ్డానికి ఇంగ్లీషు సినిమాలో ఇల్లులా ఉంది.

రాజమండ్రిలో మా ఇంట్లో మంచం మీద కూచుని జపం చేసుకుంటున్న మా అత్తగారికి చూపించాను. ఆవిడకి ఎనభయ్యారేళ్ళు. కళ్ళజోడు సవరించుకుని తేరిపార చూసి, "ఇదేంటే, హాల్లో పొయ్యి పెడుతున్నారా?" అన్నారు.

"అది వంటకి కాదండీ అత్తయ్యా, అందానికి. నిజం మంట కూడా కాదు, కరెంటుది" అన్నాను.

"అందానికి పొయ్యా!" అని ఆవిడ నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. వైశాఖంలో ఫ్యాను కింద కూచున్నా చెమటతో జాకెట్టు తడిసిపోయే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం. మంట ఎదురుగా కుర్చీ వేసుకుని కూచోవడం మాకు వింతే కదండీ.

సరిగ్గా అదే నెలలో ఇంకో కబురు వచ్చింది. అమలాపురం దగ్గర మా అత్తవారి ఊళ్ళో పాత మండువా లోగిలి ఇక నిలబడదని, వాసాలు పుచ్చిపోయాయని, వానాకాలం రాకుండానే దింపించేద్దామని మా మరిది ఫోన్ చేశాడు. "ఎవరికి ఏం కావాలో వచ్చి చూసుకోండి" అన్నాడు. ఆ ఇంట్లో మిగిలినవి ఏమున్నాయి కనక? తలుపులు, స్తంభాలు, రెండు భోషాణాలు, వంటింట్లో పొయ్యిలు, గోడల మీద పటాలు.

అలా ఒకే నెలలో ఓ పక్క కొత్త ఇంట్లోకి పొయ్యీ పటాలూ వస్తున్నాయి, ఇంకో పక్క పాత ఇంట్లోంచి పొయ్యీ పటాలూ పోతున్నాయి. అప్పటినుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. అసలు ఈ రెండూ మన ఇళ్ళల్లోకి ఎలా వచ్చాయి? వాటితో మన ఆడవాళ్ళకున్న సంబంధం ఏమిటి? నాకు తెలిసింది, చదివింది, మా అత్తగారి నోట విన్నది కలిపి చెప్తాను.

ముందు ఆ ఇంగ్లీషు పొయ్యి సంగతి. వాళ్ళది చలిదేశం. ఏడాదిలో ఎక్కువ నెలలు గదిలో నిప్పు ఉంటేగానీ బతకలేరు. అందుకే ప్రతి గదికీ గోడలోనే ఓ పొయ్యి గూడు, పొగ పైకి పోవడానికి గొట్టం కట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ చేరేది అక్కడే కాబట్టి దాని చుట్టూ చెక్కడాలు, పైన పలక, పలక మీద గడియారం, గోడకి బొమ్మలు. డబ్బున్నవాళ్ళు తైలవర్ణ చిత్రాలు పెట్టుకుంటే, లేనివాళ్ళు అచ్చు బొమ్మలు కొని పటం కట్టించుకునేవారు. మన దేశానికి వచ్చిన దొరలు ఊటీలో బంగళాలు కట్టుకుని అక్కడా ఇవే పెట్టుకున్నారు. అంటే వాళ్ళ ఇళ్ళల్లో నిప్పూ, బొమ్మా ఒకే గోడన ఉంటాయన్నమాట.

మన గోదావరి ఇళ్ళల్లో అలా కాదు. బొమ్మ వీధి వైపు, నిప్పు పెరటి వైపు. బొమ్మ ఉండేది సావిట్లో, వచ్చేపోయే మగవాళ్ళు కూచునే చోట. నిప్పు ఉండేది ఆగ్నేయం మూల వంటింట్లో, ఆడవాళ్ళు ఉండే చోట. ఆ రెండింటి మధ్యా మండువా. ఆ ఇంట్లో ఆరేళ్ళు కాపరం చేసినా ఈ సంగతి నాకు తోచలేదు. ఇల్లు దింపేస్తున్నారన్నాక, ఖాళీ గదుల్లో తిరుగుతుంటే తోచింది.

మా ఇల్లు కట్టించింది మా అత్తగారి మామగారి తండ్రి. అలాంటి లోగిళ్ళు కోనసీమ నిండా ఉండేవి. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ స్తంభాల పంచపాళీ, పైన పెంకులు, ముందు వీధి అరుగులు. ఆ ఇళ్ళకి మూలం కాటన్ దొర ఆనకట్ట అంటే తప్పులేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. అంతకుముందు కరువులకీ వరదలకీ అల్లాడిన డెల్టా, కాలవలు వచ్చాక మాగాణి అయింది. ధాన్యం అమ్మిన డబ్బు చేతికొస్తే భద్రాచలం పై అడవుల్లోంచి గోదాట్లో తెప్పలు కట్టి దింపిన టేకు కొన్నారు, ఇళ్ళు కట్టారు. ఇల్లు కట్టాక గోడలు బోసిగా ఉంటే ఏం బాగుంటుంది? అప్పుడే పటాలు వచ్చాయి.

ఆ పటాల కథ చెప్పేముందు వంటింట్లోకి వెళ్దాం. ఎందుకంటే సావిడి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వంటింటి గురించి మనమే చెప్పుకోవాలి.

మా అత్తగారు ఆ ఇంటికి కోడలుగా వచ్చింది 1955లో, పదహారేళ్ళ వయసులో. అప్పటికి ఆ వంటింట్లో మూడు రకాల నిప్పు ఉండేదట. ఒకటి కట్టెల పొయ్యి. రెండు నోళ్ళ మట్టి పొయ్యి, వెనక పొంత, పొంత మీద ఎప్పుడూ వేణ్ణీళ్ళ కుండ. రెండోది దాలి. నేలలో గుంట తీసి పిడకలు పేర్చి, పైన కచిక కప్పి, ఆ సన్నటి సెగ మీద పాలకుండ పెట్టేవారు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి లేత ఎరుపు తిరిగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. మూడోది కుంపటి. బొగ్గులు వేసి విసనకర్రతో విసురుతూ కాఫీ నీళ్ళు పెట్టడానికి, బాలింత గదిలో వెచ్చదనానికి అదే. ఆలోచిస్తే మన గోదావరి వాళ్ళం వెచ్చదనం కోసం గదిలో నిప్పు పెట్టుకున్నది ఒక్క బాలింతకే!

పొయ్యిలో పెట్టడానికి కోనసీమలో కరువేముంది? ఎండు కొబ్బరి మట్టలు, కమ్మలు, డొక్కలు, సరుగుడు కర్ర, పిడకలు. పట్నాల్లో రంపపు పొట్టు దట్టించిన పొయ్యిలూ, రైసుమిల్లు ఊకతో మండే పొయ్యిలూ ఉండేవి. పొయ్యి వేసేదీ ఆడవాళ్ళే. చెరువు మట్టి తెచ్చి, ఊక కలిపి తొక్కి, చేత్తో మలిచి, ఆరబెట్టి, పేడతో అలికి, పైన ముగ్గు కర్ర వేస్తేగానీ దాన్ని వెలిగించేవారు కాదు. ఇంగ్లీషు వాళ్ళ పొయ్యికి చలువరాతి చెక్కడాలు శిల్పి చేస్తే, మన పొయ్యికి అలంకారం రోజూ తెల్లవారుజామున ఇల్లాలు చేసేది. మర్నాటికి చెరిగిపోయేది, మళ్ళీ వేసేది. దాన్ని ఎవరూ పాత వస్తువని కొనుక్కోలేరు, దాచుకోలేరు.

రాత్రి నిప్పు ఆర్పేవారు కాదు, బూడిద కప్పి దాచేవారు. పొద్దున్నే ఆరిపోయి ఉంటే పక్కింటికి పిడక పట్టుకుని వెళ్ళి నిప్పు కణిక తెచ్చుకోవడమే. అగ్గిపెట్టెలు వచ్చాక ఆ రాకపోకలు తగ్గాయి. ఆ అగ్గిపెట్టెల మీదే మన పటాల కథ కూడా కొంచెం ఉంది, చూడండి. మొదట్లో అగ్గిపెట్టెలు స్వీడన్ నుంచి, జపాన్ నుంచి వచ్చేవి. ఇక్కడి ఆడవాళ్ళు చూసి కొనాలని వాటి మీద మన దేవుళ్ళ బొమ్మలు వేసేవారు. ఆ బొమ్మల్లో కొన్ని రవివర్మ చిత్రాలకి నకళ్ళు. సావిట్లో పెద్ద లక్ష్మీదేవి మగవాళ్ళ ఎదురుగా ఉంటే, వంటింట్లో అగ్గిపెట్టె మీద చిన్న దేవత మన ఎదురుగా ఉండేదన్నమాట.

ఇక రవివర్మ. 1848లో కేరళలో కిళిమానూరులో పుట్టాడు. దొరల పద్ధతిలో తైలవర్ణాలు వేయడం నేర్చి, పురాణ స్త్రీలకి మనుషుల ముఖాలు ఇచ్చాడు. రాజులు వేలు పోసి కొనేవారు. బరోడా మహారాజు శాయాజీరావు పద్నాలుగు పురాణ చిత్రాలు వేయించుకున్నాడు. కానీ రాజుల గోడల మీద ఉన్న బొమ్మని మామూలు సంసారి ఎలా చూస్తాడు? అప్పటికే తిరువాన్కూరులోనూ బరోడాలోనూ దివానుగా చేసిన మాధవరావుగారు 1884లో రవివర్మకి ఉత్తరం రాస్తూ, నీ బొమ్మలు ఐరోపాకి పంపి అచ్చు వేయిస్తే దేశానికి మేలు చేసినవాడివి అవుతావని సలహా ఇచ్చాడు. పదేళ్ళకి, 1894లో, రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మ కలిసి బొంబాయిలో సొంతంగా అచ్చుకూటమే పెట్టారు. యంత్రాలు, పనివాళ్ళు జర్మనీ నుంచి. తరవాత దాన్ని లోనావాలా దగ్గరికి మార్చారు.

ఆ అచ్చు ఎలా వేసేవారో తెలిస్తే మీకు పట్టుచీర నేత గుర్తొస్తుంది. ప్రతి రంగుకీ ఒక సున్నపురాయి పలక. దాని మీద జిడ్డు సిరాతో ఆ రంగు ఎక్కడెక్కడ పడాలో అంతవరకే గీస్తారు. నీళ్ళూ నూనే కలవవు కదా, తడిపిన రాయి మీద రంగు రుద్దితే గీసిన చోటే అంటుకుంటుంది. కాగితం ఒక రాయి మీదనుంచి ఇంకో రాయి మీదకి, వెంట్రుకవాసి జరక్కుండా, రంగు తరవాత రంగు పడుతూ పోవాలి. చివర్న కాగితం మీద కుంచె గీతల్లా గరుకు వచ్చేలా ఒత్తి, పైన వార్నిష్ పూస్తే, దూరంనుంచి చూసినవాళ్ళకి తైలవర్ణ చిత్రమే అనిపించేది.

వ్యాపారం మాత్రం ఆయనకి అచ్చిరాలేదు. అప్పులు పెరిగి కొన్నేళ్ళకే అచ్చుకూటాన్ని ష్లైషర్ అనే జర్మను పనివాడికి అమ్మేశాడు. రవివర్మ 1906లో పోయాడు. ఆయన పోయాకా ఆ బొమ్మలు వస్తూనే ఉన్నాయి. 1972లో ఆ అచ్చుకూటం మంటల్లో కాలిపోయింది. చూశారా, ఇక్కడా నిప్పూ బొమ్మా ఒకచోట చేరాయి!

తామరపువ్వు మీద నిలబడ్డ లక్ష్మీదేవి, పక్కన దండ పట్టుకున్న ఏనుగు. ఏటి ఒడ్డున రాతి మీద కూచుని వీణ వాయించే సరస్వతి, పక్కన నెమలి. ఈ రెండూ మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి. లక్ష్మీదేవి అంటే ఇవాళ మన కళ్ళకి కనిపించే రూపం ఆయన వేసిందే. మన అమ్మమ్మల అమ్మమ్మలు లక్ష్మిని కలశంలో, కొబ్బరికాయలో, పసుపుముద్దలో చూసుకున్నారు. చీర కట్టుకున్న లక్ష్మి ఇంటింటికీ వచ్చి నూట ముప్పై ఏళ్ళే.

దాని వల్ల జరిగిన మేలు ఒకటుంది. గుడిలోకి రానివ్వని కులాలవాళ్ళు ఉన్న రోజులవి. మద్రాసు రాష్ట్రంలో అందరికీ ఆలయ ప్రవేశం ఇస్తూ చట్టం వచ్చింది 1947లో. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కొద్ది డబ్బులు పెట్టగలిగిన ఎవరి ఇంటి గోడ మీదకైనా దేవత తనంతట తను వచ్చి కూచుంది. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ పాకలోనూ మా సావిట్లో ఉన్న లక్ష్మే, చిన్న సైజులో, ఉండేదని మా అత్తగారు చెప్పారు. "మేం ఆవిణ్ణి వాకిట్లోనే ఆపేవాళ్ళం, లక్ష్మి మాత్రం ఇద్దరిళ్ళకీ వెళ్ళింది" అన్నారు. ఆ మాట అన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. ఊరంతా బొంబాయి అచ్చు బొమ్మలు కొంటున్న రోజుల్లోనే రాజమండ్రిలో ఒక కుర్రాడు గోదావరినీ, మన ఆడవాళ్ళనీ చూసి బొమ్మలు వేశాడు. దామెర్ల రామారావు, 1897లో ఇక్కడే పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర అతని చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. తిరిగొచ్చి ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి వచ్చి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు ఆ పని ఆగిపోకుండా పట్టుకున్నారు. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేసినవాళ్ళేనని ఎంతమందికి తెలుసు? రాజమండ్రిలో ఆయన పేరున ఉన్న గ్యాలరీకి ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. 'పుష్పాలంకరణ' ముందు నిలబడితే జడలో పూలు పెట్టించుకున్న ప్రతి ఆడపిల్లకీ తన బొమ్మే అనిపిస్తుంది. కానీ అవి అసలు చిత్రాలు, ఒక్కొక్కటే. పత్రికలు అచ్చువేసిన రంగుల బొమ్మలు కత్తిరించి పటం కట్టుకున్నవాళ్ళు తప్ప, మన పక్కింటి చిత్రకారుణ్ణి మనం గోడ ఎక్కించుకోలేదు.

ఆ తరవాత క్యాలెండర్ల కాలం. శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ పెరిగి, వాటి చీటీలు అచ్చు వేయడానికి ప్రెస్సులు వచ్చాయి. ఆ ప్రెస్సులే దేశం మొత్తానికి దేవుళ్ళ క్యాలెండర్లు వేశాయి. పిల్లలకి పట్టే గ్రైప్ వాటర్ వాళ్ళు బాలకృష్ణుడి బొమ్మతో క్యాలెండర్లు వేసేవారు. సంవత్సరం అయిపోగానే కింద తేదీల కాగితం చింపేసి, బొమ్మని పటం కట్టించడం మన ఇళ్ళల్లో మామూలే. ఇంకాస్త ఇవతలికి వస్తే మన నరసాపురంలో 1933లో పుట్టిన బాపుగారి రాముడు. ఇప్పుడు పెళ్ళి శుభలేఖ మీదనుంచి గృహప్రవేశం బహుమతి దాకా ఆయన గీతే.

ఇల్లు దింపే ముందు అందరం ఊరికి వెళ్ళాం. సావిట్లో మూడు పటాలు ఉండాలి, రెండే ఉన్నాయి. మూడోది శకుంతల పటం. 1996 నవంబరు తుఫానులో పెంకులు ఎగిరిపోయి, రాత్రంతా వాన పడి, అద్దానికి అతుక్కుపోయి చెడిపోయింది. మిగిలింది లక్ష్మి, సరస్వతి. లక్ష్మి చీర అంచుకి మా అత్తగారి అత్తగారు నిజం జరీ అతికించి, మెడలో తళుకులు కుట్టారు. పటాలకి అలా బట్ట కట్టడం, చెమ్కీలు అద్దడం అప్పటి ఆడవాళ్ళకి మధ్యాహ్నాల కాలక్షేపం.

పాత సామాను కొనే ఆయన అప్పటికే వచ్చి మా మరిదితో బేరం పెట్టి ఉన్నాడు. స్తంభాలకో ధర, తలుపులకో ధర, "ఆ రెండు పటాలు కూడా ఇచ్చెయ్యండి" అని ఓ అంకె చెప్పాడు. ఆ అంకె వినగానే, నిన్నటిదాకా ఆ పటాల వంక చూడనివాళ్ళం అందరం వాటి వంక చూశాం. నిజం చెప్తున్నాను, నేనూ చూశాను. మా తోటికోడలు "లక్ష్మి పెద్దకోడలికే అని రాసుందా ఏంటక్కా?" అంది. నేను "ఇన్నాళ్ళూ దుమ్ము దులిపింది ఎవరు?" అన్నాను. దులిపింది నేనూ కాదు, తనూ కాదు. మాటా మాటా పెరిగి, మధ్యాహ్నం భోజనాలు ఎవరికి వాళ్ళం ముభావంగా తిన్నాం.

సాయంత్రం మా అత్తగారు కనిపించలేదు. వెతికితే వంటింట్లో, పొయ్యి ఎదురుగా పీట వేసుకుని కూచుని ఉన్నారు. "పొయ్యి పగలగొట్టేస్తారని బెంగగా ఉందా అత్తయ్యా?" అన్నాను. నేను సినిమాల్లో చూసినట్టు ఆవిడ కళ్ళు తుడుచుకుంటారనుకున్నాను.

"బెంగా? ఎప్పుడు పగలగొడతారా అని చూస్తున్నాను" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడ అత్తగారికి నలభై ఏళ్ళకే దగ్గు పట్టుకుంది. రాత్రిళ్ళు పడుకోలేక గోడకి ఆనుకుని కూచునేవారు. తెల్లారగానే మళ్ళీ ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందే. బీడీ ముట్టని, దుమ్ములో తిరగని మనిషికి ఊపిరితిత్తులు ఎలా పాడయ్యాయో ఎవరూ అడగలేదు. చివరికి చూపు కూడా మసకబారింది. "సావిట్లో ఆవిడ కుట్టిన లక్ష్మిని చూసి వచ్చినవాళ్ళందరూ ఆహా అనేవారు. లోపల ఆవిడ దగ్గుతుంటే, తలుపు దగ్గరికి వెయ్యమనేవారు మీ మామగారి తండ్రి" అన్నారు.

ఇళ్ళల్లో వంటపొగ వల్ల 2020లో ప్రపంచంలో ముప్పై రెండు లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చదివినప్పుడు అంకెలాగే ఉంది. ఆ పీట పక్కన కూచుని విన్నప్పుడు అది మా ఇంటి మనిషి.

మా ఇంటికి గ్యాసు బండ వచ్చింది 1986లో. నేను కోడలుగా వచ్చేసరికి పొయ్యి, గ్యాసు రెండూ ఉండేవి. మన రాష్ట్రంలో పేదింటి ఆడవాళ్ళ పేరు మీద గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో గానీ రాలేదు. చిత్రం ఏమిటంటే ఆ గ్యాసు మన కాళ్ళ కిందే ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి తవ్వుతుంటే గ్యాసు ఎగజిమ్మి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. రాత్రిళ్ళు మా పెరట్లోంచి చూస్తే పడమటి ఆకాశం ఎర్రగా ఉండేది. పిల్లని ఎత్తుకుని చూస్తూ భయపడేదాన్ని. మా అత్తగారు మాత్రం, "ఇంత నిప్పు కింద పెట్టుకుని, అన్నేళ్ళు పిడకలు ఊదామా!" అన్నారు.

"ఇంతకీ పటాలు ఎవరికి ఇవ్వమంటారు?" అని అడిగాను. ఆవిడ చెయ్యెత్తి పొయ్యి పైన గోడ చూపించారు. అక్కడ ఓ గూట్లో చిన్న పటం ఉంది. ఆరేళ్ళు ఆ వంటింట్లో వంట చేశాను, అది పటమని నాకు తెలీదు. నల్లటి పలక అనుకున్నాను. చెంగుతో అద్దం తుడిస్తే, మసి కింద, మధ్యలో ఇంత ఎరుపు కనిపించింది. లక్ష్మే. సావిట్లో ఉన్న లక్ష్మే, జానెడు సైజులో.

"మా అత్తగారు వంటింట్లో తనకోసం పెట్టుకుంది. సావిట్లోకి పగలు మేం వెళ్ళేవాళ్ళం కాదు కదా" అన్నారు.

బయటికి వచ్చి మా తోటికోడలికి చూపించాను. ఇద్దరం ఏం మాట్లాడకుండా కాసేపు అలా నిలబడ్డాం. పెద్ద లక్ష్మిని తనే తీసుకుంది, సరస్వతిని వాళ్ళ అబ్బాయి చదివిన ఊరి బడికి ఇచ్చాం. నల్ల లక్ష్మి నాతో వచ్చింది. సామాను కొనే ఆయనకి స్తంభాలూ తలుపులూ చాలన్నాం. పొయ్యి మొదటి దెబ్బ మా అత్తగారే, పలుగు ముట్టుకుని, మా మరిది చేత కొట్టించారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పటాలుంటే నాలుగు మాటలు. తడిగుడ్డతో బొమ్మని తుడవకండి, రంగు లేచిపోతుంది. అద్దం వరకే తుడవండి. వెనక అట్ట పాతదైతే అందులోని పులుపు కాగితాన్ని తినేస్తుంది, మంచి పటాల షాపులో ఆసిడ్ లేని అట్ట వేయించండి. ఎండ పడే గోడకి, చెమ్మ గోడకి పెట్టకండి. పాతదో కొత్తదో తెలియాలంటే భూతద్దంతో చూడండి. రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఇప్పటి అచ్చులో వరసగా ఉంటాయి. కింద అంచున ప్రెస్సు పేరుందేమో చూడండి. అన్నిటికంటే ముందు, అది ఎవరు తెచ్చారో, ఎవరు పటం కట్టించారో ఇంట్లో పెద్దావిణ్ణి అడిగి వెనక అట్ట మీద రాసిపెట్టండి.

మా అమ్మాయి గృహప్రవేశానికి నల్ల లక్ష్మిని తీసుకెళ్ళాం. పొయ్యి చట్రం పెట్టేశారు, అల్లుడికి సరదా. "అమ్మమ్మ పటం దీని పైన పెడదామమ్మా, సరిగ్గా సరిపోతుంది" అంది అమ్మాయి.

మా అత్తగారు వెంటనే, "మళ్ళీ పొయ్యి మీదకేనా ఆవిడ? తొంభై ఏళ్ళు పీల్చింది చాలు" అన్నారు.

అమ్మాయికి ఆ కథ అప్పుడు చెప్పాం. పటాన్ని ఎదురు గోడకి, కిటికీ పక్కన, సోఫాలో కూచునేవాళ్ళందరికీ కనిపించేలా పెట్టింది. మసి పూర్తిగా తీయించొద్దు అంది, నేనూ సరే అన్నాను. సాయంత్రం అల్లుడు స్విచ్చి వేస్తే గూట్లో ఎర్రగా మంట వెలిగింది. మా అత్తగారు దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టి చూశారు.

"పొగ రాదుగా? అయితే ఉండనీండి" అన్నారు.